పాత మారుతి 800కి పవర్ విండోలు: ముందు రెండింటికి మోటారు, వెనక రెండింటికి చెయ్యే

ఈ ఎపిసోడ్‌లో మన బండి 2007 మోడల్ మారుతి 800. ఉన్నది మా నాయిన దగ్గర, తాండూరులో. పని చేసింది వికారాబాద్‌లో మా షెడ్డు ముందర, రెండు శనివారాలు. ముందు తలుపులు రెండింటికి పవర్ విండోలు బిగించాం. వెనకవి ముట్టుకోలేదు. డబ్బుల్లేక కాదు, కావాలనే వదిలేశాను. ఎందుకో మధ్యలో చెప్తాను.

ముందు ఈ బండికి ఇది ఎందుకు అవసరం పడిందో చెప్పాలి. మా నాయినకి షుగర్ ఉంది. రెండేళ్ల నుంచి కుడి భుజం పట్టేసింది, డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. మన కార్లలో డ్రైవర్ అద్దం హ్యాండిల్ కుడి పక్కనే కదా. ఆ చెయ్యి తిరగదు. అందుకని ఎడమ చెయ్యి ఒంటి మీదుగా అడ్డంగా తెచ్చి తిప్పుతుంటాడు, బండి నడుస్తుండగానే. తాండూరు నుంచి వికారాబాద్‌కి సుమారు 40 కిలోమీటర్లు. సిమెంటు లారీలు, బండల లారీలు తిరిగే రోడ్డు. దుమ్ము లేచినప్పుడల్లా అద్దం ఎక్కియ్యాలి, అనంతగిరి ఘాట్ రాగానే చల్లగాలికి దించాలి. ఆ ఐదారు సెకన్లు స్టీరింగ్ మీద గట్టిగా ఉన్న చెయ్యి ఒక్కటీ లేదన్నమాట. నేను పక్కన కూర్చుని చూశాను. ఆ రోజే కిట్ వేద్దామని అన్నాను.

"ఎందుకురా గీ కరెంటు అద్దాలు, కొత్త కారు ఉన్నోళ్లకు గావాలె" అన్నాడు. కొత్త కారు కొందామంటే ఇంకా ఒప్పుకోడు. ఈ బండికి 2022లో 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి ఇంకో ఐదేళ్లు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. అంటే 2027 దాకా ఇదే బండి.

మారుతి 800 సంగతి మీకు తెలిసిందే. 1983 డిసెంబర్‌లో మొదటి కారు బయటికొచ్చింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 వచ్చినప్పుడు హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో అమ్మకం ఆపేశారు, చిన్న ఊళ్లలో ఆ తర్వాత కూడా అమ్మారు, 2014 జనవరిలో తయారీ ఆగింది. ఇన్నేళ్లలో మన ఊళ్లలో తిరిగిన 800లన్నీ చేత్తో తిప్పే అద్దాలవే. అందుకే బయట కిట్‌లకు ఇంత గిరాకీ.

కిట్‌లు రెండు రకాలు. ఒకటి, మెకానిక్‌లు డోర్ మెషిన్ అంటారు కదా, అద్దాన్ని ఎత్తే ఆ యంత్రాంగం మొత్తం మోటారుతో సహా మార్చేది. రెండోది యూనివర్సల్ కిట్. పాత మెషిన్ అలాగే ఉంటుంది. హ్యాండిల్ తీసేసి, ఆ పళ్ల ఇరుసుకి మోటారు తగిలిస్తారు. అంటే మీ చెయ్యి చేసే పని మోటారు చేస్తుంది, అంతే. నేను రెండోది తీసుకున్నాను. హైదరాబాద్ పుత్లీబౌలిలో రెండు తలుపుల కిట్ నాకు 3,200కి వచ్చింది. వైరు, రిలే, ఫ్యూజులు, రబ్బర్లు విడిగా ఇంకో 1,900 అయ్యాయి. ఈ రెండో బిల్లు గుర్తుపెట్టుకోండి, అసలు పని అక్కడే ఉంది.

యూనివర్సల్ కిట్‌లో ఒక చిక్కు ఉంది. మీ చేతికి ఏది బరువో మోటారుకీ అదే బరువు. హ్యాండిల్ గట్టిగా తిరిగే తలుపుకి మోటారు పెట్టి "అబ్బ, ఇక తేలిక" అనుకుంటే, ఆ కష్టం మీ భుజం నుంచి మోటారు మీదికి మారిందంతే. కష్టం తగ్గలేదు. మోటారు కొన్నాళ్లు లాగుతుంది, తర్వాత అద్దం సగంలో ఆగుతుంది, షాపువాడు "మోటారు పోయింది, కొత్తది వేద్దాం" అంటాడు.

మా బండి తలుపుల్లో ఏముందో తెలుసా? తాండూరు. నిజంగా! తాండూరంటే కందులు ఒకటి, బండలు ఒకటి. కందులకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బండల పాలిషింగ్ యూనిట్ల పక్కన ఇన్నేళ్లు నిలబడ్డ కారు ఇది. అద్దం అంచులు రెండు పక్కలా ఒక రబ్బరు గాడిలో జారుతుంటాయి, లోపల ముఖమల్ లాంటి నూగు ఉంటుంది. ఆ గాడిలో సున్నపురాయి పొడి దిగింది, వాన తడికి ముద్దయింది, ఎండకి గట్టిపడింది. స్క్రూడ్రైవర్ కొనతో గీరితే తెల్లగా పెచ్చులు ఊడి వచ్చాయి. దాని మీద ఎవరో ఎప్పుడో గ్రీజు కూడా పూశారు. గ్రీజు దుమ్ముని పట్టి ఉంచుతుంది. రబ్బరు గాడిలో గ్రీజు, ఇంజన్ ఆయిల్, కొబ్బరినూనె ఏదీ వద్దు. నూనెకి రబ్బరు ఉబ్బి గాడి ఇంకా ఇరుకవుతుంది.

కిట్ పెట్టెలో ఉండగానే ఒక కొలత తీశాను. ఊరెళ్లేటప్పుడు బ్యాగు బరువు చూసే కొక్కెం త్రాసు ఉంటుంది కదా, దాన్ని హ్యాండిల్ గుబ్బకి తగిలించి మెల్లగా లాగాను. అద్దం పైకి పోతుండగా డ్రైవర్ తలుపు మూడున్నర కిలోలు చూపించింది, ఎడమ తలుపు రెండు. తర్వాత గాడి మొత్తం సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, సిలికాన్ స్ప్రే కొట్టాను. డ్రైవర్ తలుపులో వెనక గాడి రబ్బరు చిరిగిపోయింది, కొత్తది వేశాను. మెషిన్ పళ్ల మీద మాత్రం పాత గ్రీజు తుడిచి కొత్త గ్రీజు, అక్కడ ఇనుముకి ఇనుము కాబట్టి. మళ్లీ కొలిస్తే కిలోంబావు. మూడున్నర నుంచి కిలోంబావుకి, ఇంకా మోటారు పెట్టకముందే! అప్పుడు మా నాయిన ఎడమ చేత్తో తిప్పి చూసి, "గిదే చాలు గదరా" అన్నాడు. చాలామంది బండ్లకు నిజంగా అదే చాలు. మీ హ్యాండిల్ బరువు ఒక్కటే సమస్య అయితే మూడొందల ఖర్చుతో ఇక్కడే ఆగిపోవచ్చు. మాది భుజం సమస్య కాబట్టి ముందుకెళ్లాం.

హ్యాండిల్ ఊడదీయడం గురించి ఒక్క మాట. స్క్రూ కోసం వెతక్కండి. హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. హ్యాండిల్‌కి, ప్లాస్టిక్ వాషర్‌కి మధ్య ఒక నూలుగుడ్డ పేలిక దూర్చి, బూట్లు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. క్లిప్ టప్పున ఎగిరి వస్తుంది, రెండో చెయ్యి అడ్డం పెట్టండి. ఆ క్లిప్, ఆ హ్యాండిల్ దాచండి, పారేయొద్దు.

ఇప్పుడు వైరింగ్. పవర్ విండో మోటారు 12 వోల్టుల డీసీ మోటారు. రెండే వైర్లు. ఒకదానికి ప్లస్, ఒకదానికి ఎర్త్ ఇస్తే అద్దం పైకి, తిరగేస్తే కిందికి. స్విచ్ చేసే పని ఆ తిరగెయ్యడమే. స్విచ్ ముట్టుకోనప్పుడు రెండు వైర్లూ ఎర్త్‌కే ఉంటాయి, నొక్కినప్పుడు ఒక వైరు ప్లస్‌కి మారుతుంది. ఇది అర్థమైతే కిట్‌లో వచ్చే ఐదు రంగుల వైర్లు చూసి భయపడక్కర్లేదు.

కిట్‌తో వచ్చిన వైరు సన్నం. నేను కొలిస్తే 0.75 చదరపు మిల్లీమీటర్లు. ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్ లెక్కే, ఒకసారి వేద్దాం. బ్యాటరీ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి మోటారుకి, తిరిగి ఎర్త్‌కి కలిపి 6 మీటర్లు. ఆ మందం రాగి వైరు 6 మీటర్లకి 0.14 ఓమ్. అద్దం మామూలుగా నడుస్తుంటే నా క్లాంప్ మీటర్ 5, 6 ఆంపియర్లు చూపించింది. పైకి వెళ్లి ఆగిపోయినా స్విచ్ వదలకపోతే 18 దాకా పోయింది. 18 ని 0.14 తో గుణిస్తే రెండున్నర వోల్టులు వైరులోనే పోతాయి. వేడి రూపంలో 45 వాట్లు. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి దాదాపు రెండు మీ డాష్‌బోర్డు వెనక వెలిగించినట్టు. సరే, ఆరు మీటర్ల పొడవునా పరుచుకున్న వేడి కాబట్టి ఒకట్రెండు సెకన్లకి ఏమీ కాదు. కానీ ఎక్కడైనా వైరు మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ ఉంటే వేడంతా అక్కడ పోగవుతుంది. స్విచ్ ఇరుక్కుపోతే సెకన్లు కాదు, నిమిషాలు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. నా స్నేహితుడి బండికి ఒక షాపులో రెండు గంటల్లో కిట్ వేసి ఇచ్చారు. సిగరెట్ లైటర్ వెనక వైరు కోసి దాన్నుంచే కరెంటు లాగారు. ఫ్యూజు ఊరికే పోతోందని ఇంకోచోట ఇంకా పెద్ద ఫ్యూజు వేయించుకున్నాడు. నేను డాష్ విప్పి చూసినప్పుడు ఆ జాయింట్ దగ్గర టేపు కరిగి జిగురుగా ఉంది, పక్క వైరు తోలు కూడా మెత్తబడింది. ఫ్యూజు కాపాడేది మోటారుని కాదు, వైరుని. ఫ్యూజు పోతోందంటే పెద్ద ఫ్యూజు వేయడం కాదు, ఎందుకు పోతోందో చూడాలి.

మేము ఇలా చేశాం. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 30 ఆంపియర్ల ఫ్యూజు. దూరంగా పెడితే, ఫ్యూజుకి ముందున్న వైరు బాడీకి రాసుకుపోయినప్పుడు ఆపేవాడు ఉండడు. అక్కడి నుంచి 40 ఆంపియర్ల రిలే, 30వ నంబర్ కాలికి. 87వ నంబర్ కాలి నుంచి రెండు దారులు, ఒక్కో తలుపుకి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఒక్కోదానికి 20 ఆంపియర్ల ఫ్యూజు. 85 ఎర్త్‌కి. 86 మాత్రం తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి. రిలే కాయిల్‌కి చాలా కొంచెం కరెంటు చాలు కాబట్టి ఆ పాత వైరు మీద బరువు పడదు. తాళం తీస్తే అద్దాలు పనిచేయవు. ఇది బ్యాటరీ కోసం పెట్టింది కాదు, దీని గురించి కాసేపట్లో చెప్తాను.

తలుపులోకి వైరు పోయేచోట తొందరపడొద్దు. కబ్జాల మధ్య బాడీకి ఒక రంధ్రం, తలుపుకి ఒక రంధ్రం. రెండూ ఎదురెదురుగా కాకుండా కొంచెం ఎత్తు తేడాతో పెడితే తలుపు మూసినప్పుడు వైరు మడత పడకుండా వంపు తిరుగుతుంది. రంధ్రం అంచు ఆకురాయితో రుద్ది, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూసి, రబ్బరు గ్రోమెట్, దాని మీద ముడతల రబ్బరు గొట్టం. తలుపు రోజుకి ఇరవై ముప్పై సార్లు తెరుస్తాం. ఒంటి తీగ వైరు అక్కడ ఏడాది నిలవదు. సన్నని పోగులు చాలా ఉన్న మెత్తటి వైరు తీసుకోండి.

డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటుంది. చాలామంది దాన్ని చింపి పారేస్తారు. వానపడితే అద్దం మీది నీళ్లు తలుపు లోపలికే దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి కారిపోతాయి. తలుపుని అలాగే తయారుచేశారు. ఆ నీళ్లు ప్యాడ్ మీదికి, ఇప్పుడైతే మీ మోటారు కనెక్టర్ల మీదికి రాకుండా ఆపేది ఆ కాగితమే. మాది చిరిగిపోయి ఉంటే మందపాటి పాలిథీన్ కోసి బ్యూటైల్ టేపుతో అతికించాం. కనెక్టర్ల మూతి కిందికి చూసేలా కట్టాం.

అన్నీ అయ్యాక స్విచ్ నొక్కితే అద్దం నాలుగు సెకన్లలో పైకి వెళ్లింది. వీడియోలు మామూలుగా ఇక్కడ అయిపోతాయి. నేను వంటింట్లోంచి ఒక క్యారెట్ తెచ్చాను. బొటనవేలంత లావు. అద్దం పైఅంచుకి, తలుపు ఫ్రేముకి మధ్య పెట్టి స్విచ్ నొక్కాను. పుటుక్కుమని విరిగింది. మోటారు ఆగినట్టు కూడా అనిపించలేదు.

ఒకటి గమనించండి. వైరు సన్నగా ఉన్నప్పుడు రెండున్నర వోల్టులు దారిలో పోయేవి. మనం మంచి వైరు వేశాం, గాడి శుభ్రం చేశాం. ఇప్పుడు మోటారు బలమంతా అద్దం అంచుకి చేరుతోంది. అంటే పని ఎంత బాగా చేస్తే అద్దం అంత గట్టిగా నొక్కుతుంది. ఒక్కసారి నొక్కితే తనంతట తనే మూసుకునే అద్దాలున్న కంపెనీ కార్లలో, మధ్యలో ఏదైనా అడ్డొస్తే మోటారు తెలుసుకుని వెనక్కి తిరుగుతుంది. అంతర్జాతీయ నిబంధనల్లో ఆ హద్దు 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల ఒత్తిడి. మేము తెచ్చిన కిట్‌లో అలాంటిదేమీ లేదు. అది వేలు అని, మెడ అని దానికి తెలియదు.

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. తాత బండెక్కితే సీటు మీద నిలబడి తల బయటపెడతాడు. అమెరికాలో సరిగ్గా ఇలాగే పిల్లలు కిటికీలోంచి వంగినప్పుడు మోకాలు స్విచ్ మీద పడి, అద్దం మెడకి బిగిసి చనిపోయిన ఘటనలున్నాయి. 2005లో అక్కడ చట్టమే తెచ్చారు, స్విచ్‌ని పైకి లాగితేనే అద్దం మూసుకోవాలి అని. మోకాలు నొక్కగలదు కానీ లాగలేదు కదా. కిట్‌లో వచ్చిన స్విచ్ చూస్తే అటు నొక్కితే పైకి, ఇటు నొక్కితే కిందికి, రెండు వైపులా నొక్కుడే. దాన్ని పక్కన పెట్టేసి, లాగితే మూసుకునే రకం వేరే కార్ల స్విచ్‌లు రెండు కొన్నాను. తలుపు మీద కాకుండా గేర్ ముందర, డాష్ కింద, పల్లంలో బిగించాను. ఎడమ తలుపు మీద స్విచ్ అసలు పెట్టలేదు. రెండు అద్దాలూ డ్రైవర్ చేతిలోనే. ఇందాక చెప్పిన రిలే సంగతీ ఇదే. బండి ఆపి చాయ్ తాగడానికి దిగితే తాళం చెవి జేబులో ఉండాలి, అప్పుడు లోపలున్న పిల్లాడు ఏం నొక్కినా అద్దం కదలదు. ఈ స్విచ్‌ల వల్ల 600 ఎక్కువైంది. ఇందులో బేరం ఆడొద్దు.

ఇక వెనక తలుపులు. అక్కడ పిల్లలు కూర్చుంటారు, డ్రైవర్‌కి కనపడదు కాబట్టి మోటారు వద్దు. అది ఒక కారణం. రెండోది వాగులు. 2021 ఆగస్టు చివర్లో మన జిల్లాలోనే, మర్పల్లి మండలం తిమ్మాపూర్ దగ్గర వాగులో పెళ్లివాళ్ల కారు కొట్టుకుపోయి ప్రాణాలు పోయాయి. ఆ కారు అద్దాల గురించి నేనేమీ అనడం లేదు. కానీ మన రోడ్ల మీద వానాకాలంలో లో లెవెల్ వంతెనలు ఉన్నాయి, రాత్రిపూట నీళ్లు ఎంత లోతో తెలియదు. కారు నీళ్లలో పడితే కరెంటు అద్దాలు వెంటనే ఆగిపోవు, కాసేపు పనిచేయొచ్చు. అయితే నీళ్లు అద్దం ఎత్తుకి వచ్చాక ఆ ఒత్తిడికి అద్దం గాడికి అతుక్కుపోతుంది, మోటారు లాగలేదు, తలుపు తోసినా తెరుచుకోదు. చేతిలో ఉండేది మొదటి నిమిషం మాత్రమే. సీటు బెల్టు విప్పు, అద్దం దించు, పిల్లల్ని ముందు బయటికి పంపు, నువ్వు రా. ఆ నిమిషంలో బ్యాటరీతో, ఫ్యూజుతో, రిలేతో సంబంధం లేని అద్దాలు రెండు బండిలో ఉండాలని నా లెక్క. చేతి హ్యాండిల్‌కి కరెంటుతో పని లేదు. వెనక అద్దాల గాడులు కూడా కడిగాను, ఇప్పుడు పదేళ్ల పిల్ల ఒక్క చేత్తో తిప్పగలదు. వీటితో పాటు డ్రైవర్ సీటు పక్కన అద్దం పగలగొట్టే సుత్తి ఒకటి, చెయ్యి అందేచోట. డిక్కీలో పెట్టిన సుత్తి ఎందుకూ పనికిరాదు.

అసలు వాగు పారుతుంటే బండి దింపొద్దు. ఆ మాట పక్కనున్న ఊరి మనిషి చెప్తే వినండి, మ్యాప్ చూపించిందని పోవద్దు.

దాచమన్న హ్యాండిల్, క్లిప్ డాష్ అరలో పెట్టాను, ఒక స్టార్ స్క్రూడ్రైవర్‌తో పాటు. దారిలో మోటారు చచ్చిపోతే, అద్దం కిందే ఉండిపోయి వాన పడుతుంటే, ప్యాడ్ విప్పి మోటారు జోడింపు తీసేసి పాత హ్యాండిల్‌తో ఎక్కించుకోవచ్చు. మోటారు తగిలి ఉండగా మాత్రం హ్యాండిల్ తిప్పలేరు, లోపలి వార్మ్ గేర్ వెనక్కి తిరగనివ్వదు. అద్దాన్ని చేత్తో నొక్కితే కిందికి జారకపోవడానికి కారణం కూడా ఆ గేరే.

ఆర్సీ సంగతి అడిగేవాళ్లుంటారు. ఆర్సీలో రాసిన వివరాలు మారేలా బండిని మారిస్తేనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. రంగు, ఇంజన్, ఇంధనం, సీట్ల సంఖ్య లాంటివి. అద్దం మోటారు అందులో లేదు. ఇన్సూరెన్స్ మాత్రం, మీది ఫుల్ పాలసీ అయితే బయట వేయించిన ఎలక్ట్రికల్ సామాను విడిగా రాయించాలి, దానికి కొంచెం ప్రీమియం ఎక్కువ. మా నాయినది థర్డ్ పార్టీ పాలసీ, మాకు ఆ పని పడలేదు.

పది రోజుల తర్వాత ఒకసారి చెక్ చేశాను. ఫ్యూజు హోల్డర్ చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉంది. కబ్జాల దగ్గర గొట్టం మడత లేదు. ఎడమ తలుపు ప్యాడ్ క్లిప్ ఒకటి వదులై గుంతల్లో టకటకమంటోంది, పాత క్లిప్‌లు ఒకసారి తీస్తే పట్టు పోతుంది కాబట్టి ముందే అరడజను కొని ఉంచుకోండి, ఒక్కోటి ఐదు రూపాయలు. వైరింగ్ బొమ్మ కాగితం మీద గీసి వీడియోలో 11వ నిమిషం దగ్గర చూపించాను, అక్కడ ఆపి ఫోటో తీసుకోండి. వచ్చే ఆదివారం ఇదే బండికి హెడ్‌లైట్ రిలే. ఉంటాను మరి.